చూశారా, అనుకున్నారా

జ్వరాన్ని మందుతో తగ్గించేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. రోగి పక్కన నిలబడి కేకలు పెట్టి జ్వరం తగ్గించి, ఆ కేకల్నే మందుగా మూటగట్టి అమ్మినవాణ్ణి మాత్రం ఉభయ గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే. గొప్ప చెప్పుకోవడం కాదు. కొన్నవాళ్ళు ఇంకా ఉన్నారు, అడిగి చూడొచ్చు.

అమ్మింది ఒక డబ్బా. రొయ్యల చెరువు గట్టున పెట్టేది. నీళ్ళలోకి దించిన ప్రోబ్‌ను అడిగి ఆక్సిజన్ ఎంతుందో తెలుసుకుంటుంది. తగ్గితే నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్ చక్రాలు తిప్పుతుంది, చాలినంత ఉంటే ఆపి కరెంటు మిగులుస్తుంది. డబ్బా లోపల అరచేతిలో పట్టే కంప్యూటరు, దాని అడుగున కెర్నెల్. కెర్నెల్ అంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న షావుకారు లాంటిది. మిగతా ప్రోగ్రాములన్నీ కౌంటరు ముందు నిలబడి "అది ఇవ్వండి, ఇది ఇవ్వండి" అని అడిగే జనం. ఎవరికి ఏది ఎప్పుడివ్వాలో షావుకారు చూసుకుంటాడు. ప్రోబ్‌తో మాట్లాడే ముక్కను, డ్రైవరంటారు దాన్ని, ఆ కెర్నెల్లోకి రాసింది నేనే.

దానికో జబ్బు ఉండేది. అప్పుడప్పుడూ బిగుసుకుపోయేది. చెరువులో ఆక్సిజన్ పడిపోతున్నా తెర మీద ఎప్పటిదో మంచి అంకె పట్టుకుని నిలబడేది. ఆగిపోయిన గోడగడియారం కూడా అంతే ధీమాగా టైము చెబుతుంది. ఎక్కడ ఆగుతోందో పట్టుకుందామని అడుగడుక్కీ ఒక ప్రింటు, అంటే ప్రోగ్రాము ఎక్కడుందో కేకేసి చెప్పే మాట, పెట్టాను. "ఇక్కడిదాకా వచ్చా", "ప్రోబ్‌ని అడిగా", "జవాబొచ్చింది", ఇలా. పెట్టిన క్షణం నుంచి జబ్బు మాయం. తీసేస్తే వచ్చింది. పెడితే పోయింది.

బుద్ధున్నవాడు భయపడేవాడు. నేను కొట్లో పెరిగాను. గిన్నెకు సొట్టుంటే అందులో ఇంకో గిన్నె దూర్చి సెట్టుగా అమ్మడం మా ఇంటి విద్య. ప్రింట్లతో సహా డబ్బా మూత బిగించాను. మొదటిది మా మావగారికి అమ్మాను, పూర్తి ధరకి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల చర్చి మలుపులో ఫ్లెక్సీ మీద, ఆ జబ్బుని పట్టిచ్చిన ఆవిడ కనిపించింది. స్కూటరు ఆపాను. పైన "ప్రభువునందు నిద్రించిరి" అని, మధ్యలో ఆవిడ. ఏ గుర్తింపు కార్డులోంచో తీసి సాగదీసిన ఫోటో. చుట్టూ మబ్బులు, గులాబీలు, రెండు పావురాలు. అది చూస్తే ఆవిడ మొదట అడిగే మాట నాకు తెలుసు. "ఈ పావురాల్ని ఎవరన్నా చూశారా, అనుకున్నారా?"

పేరు రాయను. బాగుచేసిన కోడు ఫైలు పైన మీ పేరు పెడతానండి అంటే, "వద్దండి, పేరుంటే రేపు ఏది చెడినా నాకే ఫోన్లు చేస్తారు" అంది. ఇప్పుడు చేసినా ఎత్తదు కాబట్టి రాసినా పరవాలేదు. కానీ కుదిరిపోయిన బేరాన్ని తిరగదోడటం మా ఇంటా వంటా లేదు.

ఆవిణ్ణి మొదటిసారి చూసింది రాజమండ్రిలో మా నాన్న స్టీలు సామాన్ల కొట్లో. కుక్కరు కావాలంది. నాన్న ధర చెప్పాడు. మా కొట్లో చెప్పే ధర ఒకటి, ఇచ్చే ధర ఒకటి, మనసులో ఉన్న ధర ఇంకొకటి. ఆవిడ మొదటిది వినగానే పర్సు తీసి డబ్బిచ్చేసింది. నాన్న రోజంతా అన్నం సరిగ్గా తినలేదు. "తక్కువ చెప్పామంటావా" అని నన్నూ, అమ్మనీ, చివరికి ఎదురుకొట్టు ఆయన్నీ అడిగాడు. బేరమాడని మనిషి వచ్చిపోతే మా వాళ్ళకి దొంగ పడ్డట్టే ఉంటుంది.

ఆ వారంలోనే కుక్కరు పట్టుకుని మళ్ళీ వచ్చింది. ఆవిరి కారుతోందంది. నాన్నకి ప్రాణం లేచొచ్చింది.

"వాడకంలో తేడా అమ్మా. మూత వంకరగా పెట్టేసి ఉంటారు."

"నేను పెడుతుంటే మీరు చూశారా అండి, అనుకున్నారా?"

ఆవిడ మూత తిప్పి చూపించింది. అంచు చుట్టూ సుద్దముక్కతో గీతలు. పొయ్యి మీద పెట్టి, ఆవిరికి ఏ గీత తడిసిందో చూసుకుని, అక్కడి రబ్బరులో పగులుందని తేల్చుకుని వచ్చింది. నాన్న కొత్త రబ్బరు తీసిచ్చాడు. ఆవిడ వెళ్ళాక, "ఈవిడ ఏం పని చేస్తారో కనుక్కోరా" అన్నాడు. కనుక్కున్నాను. బెంగళూరులో చిప్పులు చేసే కంపెనీలో చాలా ఏళ్ళు కెర్నెల్ పని చేసి, చెల్లెలి ఇంటి మేడమీదికి వచ్చేసిన మనిషి. అక్కణ్ణించే కంపెనీలకి వాళ్ళ కోడులోని జబ్బులు పట్టిపెట్టేది.

పుట్టింది నరసాపురం. తల్లి, పెద్దమ్మలు, మేనత్తలు అందరూ లేసు అల్లినవాళ్ళే. ఆవిడ చేతిలోనూ ఎప్పుడూ క్రోషే సూది ఉండేది. కెర్నెల్ కంపైల్ కావడానికి ఎంతసేపు పడుతుందండీ అంటే, "ఒక పువ్వు" అనేది. పెద్ద మార్పు చేస్తే "రెండు పువ్వులు, ఒక ఆకు". నేను చాలాకాలం అదేదో బెంగళూరు లెక్క అనుకున్నాను. అల్లికలో తప్పు పడితే దారం పట్టుకుని లాగేసేది. సరిగ్గా తప్పు పడ్డ చోటిదాకా విప్పి ఆపేది. అంతకంటే ఎక్కువ విప్పడం కోపమట, తక్కువ విప్పడం బద్ధకమట.

లూథరన్ చర్చిలో పాటల బృందంలో పాడేది. ఒక కీర్తన మధ్యలో ప్రతిసారీ శ్రుతి జారిపోతోందని అందరికీ తెలుసు, ఎవరివల్లో ఎవరికీ తెలియదు. యూత్ వాళ్ళు పెద్దవాళ్ళనీ, పెద్దవాళ్ళు కీబోర్డునీ అనేవారు. ఆవిడ పాడటం మానేసి, ఒక ఆదివారం వెనక బెంచీలో, ఒక ఆదివారం ఆడవాళ్ళ వైపు చివర, ఒక ఆదివారం కీబోర్డు పక్కన కూర్చుంది. జారుడు ఏ బెంచీలో ముందు వినపడుతుందో, ఏ బెంచీకి ఆలస్యంగా చేరుతుందో చూసుకుంది. అది మొదలయ్యేది పాస్టరయ్యగారి మైకు దగ్గర.

"మరి చెప్పారా అండీ?" అన్నాను.

"మైకు ఒక అడుగు వెనక్కి పెట్టుకుంటే మీ వాక్యం ఇంకా గంభీరంగా ఉంటుందండి అన్నాను. పెట్టుకున్నారు. కీర్తన బతికింది."

అలాంటి మనిషి దగ్గరికి నేను వెళ్ళాల్సిన రోజు మా మావగారు తెచ్చారు.

నా ప్రింట్లన్నీ ఎక్కడికి పోతాయి? డబ్బాలో ఉన్న మెమరీ కార్డులోకి పోతాయి. అవి కార్డు నిండేదాకా అరిచాయి. నిండాక డబ్బా కళ్ళు తేలేసింది. తెల్లవారుజామున కాపలా మనిషి చూసేసరికి చక్రాలు తిరగట్లేదు, రొయ్యలు పైకి తేలి గట్టుల వెంట కొట్టుకుంటున్నాయి. అతను పరిగెత్తి స్విచ్చి వెయ్యబట్టి చాలావరకు దక్కాయి. కొన్ని పోయాయి. పంట ఇంకా పట్టుబడికి రాలేదు. మావగారు అప్పుచేసి మేత వేస్తున్న పంట అది. మొత్తం పోతే చెరువే చేజారుతుంది. అదీగాక అల్లుడి డబ్బా అని చుట్టుపక్కల గట్లన్నిటి మీదా చెప్పి నాకు ఆర్డర్లు ఇప్పించింది కూడా ఆయనే.

ఫోన్లో ఆయన కేకలెయ్యలేదు. ఆయన మర్యాద పెరిగేకొద్దీ నాకు చెమటలు పడతాయి.

"అల్లుడుగారూ, బావున్నారా అండి? ఏం లేదండి. పట్టుబడి దాకా తమరు వచ్చి గట్టుమీద ఉండిపోవాలండి. డబ్బా ఆగినప్పుడల్లా తమరే స్విచ్చి వేద్దురుగాని. అమ్మాయిని కూడా తీసుకొచ్చెయ్యండి, వంట చేసి పెడుతుంది."

డబ్బా, లాప్‌టాప్, ఒక ప్రోబ్ సంచిలో వేసుకుని ఆవిడ మేడమెట్లెక్కాను. ముందు బేరం కుదుర్చుకోకుండా పని చెప్పడం మా వంశంలో లేదు.

"ఎంత తీసుకుంటారండి?"

"దొరికాక చెబుతాను."

"అలాగంటే ఎలాగండీ. ఉజ్జాయింపుగా ఒక అంకె అనుకుంటే..."

"అనుకోవడం మీ డిపార్ట్‌మెంటండి. నాది కాదు."

నా కోడు తెరిచింది. చూస్తూ అల్లుతోంది. కాసేపటికి, "ఏంటండీ ఈ కేకలు? చేపల మార్కెట్లో కూడా ఇన్ని వినపడవు" అంది.

"అవి ఉన్నప్పుడు జబ్బు రావట్లేదండి."

"అందుకని?"

"అందుకని ఉంచేశానండి."

సూది ఆగింది. పని మధ్యలో ఆ సూది ఆగడం నేను చూడటం అదే మొదలు. "ఉంచేసి?"

"అమ్మానండి."

ఆవిడ నావంక చూసింది. తిడుతుందనుకున్నాను. నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. "బెంగళూరులో మా వాళ్ళందరూ ఇది ఆలోచించారండి. చెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు."

తరవాత అడిగింది. "మీ కొట్లో ఎలక తిరుగుతోంది. ఎటునుంచి వస్తోందో తెలియదు. మీరేం చేశారు? పళ్ళేలు వాయిస్తూ కూర్చున్నారు. ఎలక రాలేదు. 'మా కొట్లో ఎలకలు లేవు' అని బోర్డు కట్టి కొట్టు అమ్మేశారు. అవునా?"

"మీరైతే ఏం చేస్తారండి?"

"నేల మీద పిండి చల్లి తలుపేసుకుని పోతాను. పొద్దున్నే వచ్చి అడుగులు చూస్తాను."

ఆవిడ చల్లే పిండి పేరు ట్రేస్ పాయింట్. నా ప్రింటు దగ్గరికి రాగానే షావుకారు పనంతా ఆపి, గుమ్మంలోకి వచ్చి, సందు చివరిదాకా వినపడేలా అరిచి, మళ్ళీ వచ్చి కూర్చోవాలి. ఈలోగా కొట్లో వేళలన్నీ మారిపోతాయి. ట్రేస్ పాయింటు దగ్గర ఆగడు. పోతూ పోతూ మెమరీలో ఒక మూల చిన్న గుర్తు పెట్టి పోతాడు, అంతే. అవసరం లేనప్పుడు ఆపేసుకోవచ్చు. ఆపితే బరువన్నదే ఉండదు.

నా ప్రింట్లన్నీ పీకేసి, నాలుగే నాలుగు చోట్ల ట్రేస్ పాయింట్లు పెట్టింది. వాటికి పేర్లుండాలి. అందరూ ఇంగ్లీషు ముక్కలు పెడతారు. ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పెట్టింది. ప్రోబ్‌ని అడిగిన చోట "పిలిచా". జవాబు కోసం ఎదురుచూడటానికి కూర్చునే చోట "రేవుకొచ్చా". జవాబు వచ్చే చోట "పంటొచ్చింది". జవాబు అందుకుని లేచే చోట "ఎక్కా". నరసాపురంలో పుట్టిన మనిషికి ఎదురుచూడటమంటే గోదావరి రేవులో పంటు కోసమే. బండ్లూ మనుషులూ ఎక్కి అవతలి గట్టుకు పోయే ఆ పంటు మీదే ఆవిడ చిన్నప్పుడు లేసు మూటలు మోసిందట.

మధ్యాహ్నమంతా నడిపాం. ప్రింట్లు లేవు కాబట్టి జబ్బు రావాలి. రాలేదు. బల్లమీద పువ్వులు పెరుగుతున్నాయి.

"మీ మావగారి చెరువులో ఉన్నది ఇదే ప్రోబా అండి?"

"ఇదేనండి. ఒకే కంపెనీ, ఒకే ధర."

"ఒకే ధరని చూశారు. ఒకే ప్రోబని చూశారా?"

చెప్పక తప్పలేదు. ప్రోబ్‌లు అమ్మే ఆయన్ని ఫోన్లో వదలకుండా పీడించి, కొత్త మోడల్ని పాత మోడల్ ధరకి రాబట్టాను. నా జీవితంలో ఆడిన గొప్ప బేరాల్లో అదొకటి. చెరువులకి వెళ్ళినవన్నీ కొత్తవే. ఆవిడ బల్లమీద నేను పెట్టింది, మొదట్లో వాళ్ళు శాంపిల్‌గా ఊరికే ఇచ్చిన పాతది. కొత్తది అమ్ముకోవచ్చు కదా, పరీక్షకి పాడు చేసుకోవడమెందుకని.

"కొత్తదాంట్లో గొప్పేంటి?"

"తొందరగా జవాబు చెబుతుందండి."

ఆవిడ అల్లిక సంచిలో పెట్టేసింది. "రేపు పొద్దున్నే నరసాపురం వైపు పోదాం. కారు మీది, బోంచేసేది మీ మావగారింట్లో. ఇందులో బేరం లేదు."

మావగారు గట్టుమీద ఎదురొచ్చారు. నన్ను చూడనట్టు ఆవిడతో మొదలుపెట్టారు. "నమస్కారమండి అమ్మగారూ. మా అల్లుడుగారు డబ్బా ఇచ్చారండి. ఆ డబ్బాకి కాపలా ఒక మనిషిని పెట్టానండి. ఆ మనిషికి కాపలా నేనండి. నాకెవర్ని పెట్టాలో అల్లుడుగారు చెప్పలేదండి."

"ముందొక మాట అన్నయ్యగారూ," అంది ఆవిడ. "మీ రొయ్యల మీద నేను పందెం కాయను. చక్రాలు మీ మనిషి చేత్తోనే వేసుకోమనండి. డబ్బాకి స్విచ్చి దాకా చెయ్యి అందనివ్వను. ఊరికే ప్రోబ్‌ని అడుగుతూ కూర్చుంటుంది. ఎప్పుడు బిగుసుకుంటుందో చూస్తాం."

"ఎంతసేపు పడుతుందమ్మా?"

"తెలియదండి."

మావగారు తలపాగా సర్దుకున్నారు. మేత కంపెనీ వాళ్ళు, మందుల వాళ్ళు, మోటార్ల వాళ్ళు, అల్లుడు, ఎవరొచ్చినా "రెండే రెండు రోజులండి" అనేవాళ్ళే తప్ప తెలియదన్న మనిషి ఆ గట్టెక్కలేదు. "కుర్చీ తెచ్చి గొడుగు పట్టండ్రా" అన్నారు. ఆ తరవాత నన్ను నిలబెట్టే ఉంచారు.

జబ్బు భోజనాల వేళకొచ్చింది. పంపుషెడ్డు నీడలో ఆకులు వేశారు. ఆవిడ ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ ప్రార్థనలు పొడుగు. వండినవాళ్ళని, పండించినవాళ్ళని, రొయ్యల్ని ఒక్కొక్కర్నీ దీవించి, "ఈ డ్రైవరు రాసిన సహోదరుణ్ణి కూడా క్షమించుము ప్రభువా, ఏమి చేశాడో వీనికి తెలియదు గనుక, అది తెలియజేయుటకే వచ్చియున్నాము" అని మెల్లగా పోతోంది. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. తెరమీద అంకె ఆగిపోయింది.

"మేడమ్ గారండీ, వచ్చేసింది."

"ఆమెన్ అననివ్వండి," అంది కళ్ళు తెరవకుండా. "అది ఎక్కడికీ పోదు. బిగుసుకుందిగా."

ఆమెన్ అయ్యాక, పప్పూ అన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక, ఎడంచేత్తో లాప్‌టాప్ మావగారి వైపు తిప్పి, పిండి మీద పడ్డ అడుగులు చదివింది. పొద్దుట్నించీ వరసలన్నీ ఒకేలా ఉన్నాయి. పిలిచా, రేవుకొచ్చా, పంటొచ్చింది, ఎక్కా. పిలిచా, రేవుకొచ్చా, పంటొచ్చింది, ఎక్కా. తెర నిండా అదే. అట్టడుగున చివరి వరస మాత్రం వేరు. పిలిచా, పంటొచ్చింది, రేవుకొచ్చా. ఆ తరవాత ఏమీ లేదు.

మావగారు ముద్ద చేతిలో పట్టుకుని చూశారు. "పంటెళ్ళిపోయాక రేవుకొచ్చాడన్నమాట."

"అవునండి."

"వచ్చి?"

"కూర్చున్నాడు."

"ఎంతసేపు కూర్చుంటాడండి?"

"ప్రభువు రెండో రాకడ దాకానండి. ఎంతసేపు చూడాలో గడువు రాయలేదు."

మావగారు అప్పటికి నావంక చూశారు. "పెళ్ళిచూపులకీ ఇంతేనండి అమ్మగారూ. ముహూర్తం దాటిపోయాక వచ్చి, టిఫిను కోసం కూర్చున్నారు."

కాపలా మనిషి కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

మిగతాది ఆవిడ నాకు చెరువు గట్టు మట్టిలో గీసి చెప్పింది. నేను రాసిన వరసలో ముందు పిలవడం, తరవాత తీరిగ్గా రేవుకి నడవడం. పాత ప్రోబ్ నిదానం కాబట్టి ఎప్పుడూ నేను రేవులో కూర్చున్నాకే పంటొచ్చేది. తప్పు తప్పుగా ఉంటూనే బతికింది. కొత్త ప్రోబ్ చురుకు. అప్పుడప్పుడూ నాకంటే ముందే వచ్చి, ఎవరూ లేరని పోయేది. నా ప్రింట్లేమో జవాబు వచ్చే దారిలోనే ఉన్నాయి. ఆ కేకలన్నీ అయితేగానీ పంటు రేవుకి రాలేదు. అందుకే ఆలస్యంగా వెళ్ళినవాడికీ అందింది. అంటే, బేరమాడి జబ్బు కొనుక్కున్నదీ నేనే, కేకలేసి దాన్ని దాచిందీ నేనే.

ముందు రేవులో కూర్చుని తరవాత పిలవాలి. అంతే మందు. గబగబా వరస మార్చి, గడువు కూడా రాసి, "అయిపోయిందండి" అన్నాను.

"చూశారా?"

"వరస తేలిపోయింది కదండీ, ఇంకా ఏం చూడాలి?"

"పిలిస్తే రావాలి. అప్పుడే జబ్బు మన చేతిలో ఉన్నట్టు. అదే వచ్చి అదే పోతే, పోయిందో దాక్కుందో ఎవరికి తెలుసు?"

నా పాత వరసని మళ్ళీ పెట్టించింది. పిలవడానికీ రేవుకి వెళ్ళడానికీ మధ్య కావాలని కాస్త ఆలస్యం పెట్టించింది. డబ్బా నడిపిన ప్రతిసారీ బిగుసుకుంది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. జబ్బు రప్పించి అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు. తరవాత కొత్త వరస పెట్టించి, అదే ఆలస్యాన్ని అందులోనూ ఉంచింది. పొద్దు వాలేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. అప్పుడు కళ్ళజోడు తీసి, "ఇవాళ్టికి మీ మనిషి స్విచ్చి దగ్గరే ఉండనివ్వండి అన్నయ్యగారూ. రేపట్నించి డబ్బాకి ఇవ్వండి" అంది.

పట్టుబడి దాకా డబ్బా ఆగలేదు. చెరువు చేజారలేదు, పంట మంచి కౌంటుకొచ్చింది, కిలోకి కొన్నే తూగేంత లావుగా. మావగారు ఐసు పెట్టె నిండా రొయ్యలు ఆవిడకి పంపారు. నాకు చిన్నవి మిగిల్చారు.

ఇక బిల్లు. ఆవిడ ఇంటికి వెళుతూ దారిలో స్కూటర్ మీదే బేరం సాధన చేశాను. ఆవిడ ఒక అంకె చెప్పింది. న్యాయమైన అంకే. నా నోరు నాకంటే ముందు లేచింది.

"సగం చేసుకోండి."

"సరేనండి."

అంతే. కుక్కరు కొన్ననాడు నాన్న అన్నం ఎందుకు తినలేదో అప్పుడు తెలిసింది. పావు అడిగి ఉండాల్సింది. కాదు, అసలు ఆవిడ మనసులో ఉన్నదే సగమేమో. నేను ఇంకా లోపల కుమిలిపోతుండగానే ఆవిడ అల్లుకుంటూ అంది.

"సగం డబ్బు కాబట్టి సగం పని మీది. మీరు అమ్మిన డబ్బాలన్నీ వెనక్కి తెచ్చుకుని, కేకలు తీసేసి, వరస మార్చి ఇవ్వండి. ఎందుకు తీసుకెళుతున్నారో కొన్నవాళ్ళకి మీ నోటితోనే చెప్పండి. ట్రేస్ పాయింట్లు మాత్రం ఆపి ఉంచండి, తియ్యకండి."

"పనయిపోయాక అవి ఎందుకండీ?"

"ఇది దొరికింది. తరవాతది ఇంకా దొరకలేదు కదా."

"పోనీ ఆ మిగతా సగం కూడా ఇచ్చేస్తానండి, ఆ పనేదో మీరే..."

"కుదిరిపోయిందండి. మీ ఇంట్లో తిరగదోడరట కదా."

మొగల్తూరు, పాలకొల్లు, భీమవరం, ఆకివీడు. ఎండలో గట్లెక్కి, గట్లు దిగి, ప్రతిచోటా ఒకే మాట చెప్పాను. నేను అమ్మింది బాగా లేదండి, ఉన్నట్టు కనిపించిందండి. ఒకాయన కొబ్బరిబొండం కొట్టించి, "చెప్పారు, అదే పదివేలు" అన్నాడు. ఇంకొకాయన డబ్బా నా చేతిలో పెట్టి డబ్బు వెనక్కి అడిగాడు, ఇచ్చాను. మరొకాయన ఈనాటికీ నా ఫోను ఎత్తడు. మిగతావాళ్ళు బాగుచేసినవి తీసుకుని, పక్క చెరువు వాళ్ళకి చెప్పారు. వాళ్ళ వల్లే ఇవాళ ఈ వ్యాపారంలో ఉన్నాను.

ఆవిడ అన్న ఆ తరవాతది కూడా వచ్చింది. ఈ మధ్య ఒక చెరువులో డబ్బా పదే పదే గడువు దాటిపోతోందని ఫోనొచ్చింది. ఏవేవో అనుకోబోయి, మానేసి, ట్రేస్ పాయింట్లు వేశాను. పిలిచా, రేవుకొచ్చా. పిలిచా, రేవుకొచ్చా. పంటు జాడే లేదు. అంటే తప్పు మనది కాదు, అవతలి గట్టుది. వెళ్ళి చూస్తే ప్రోబ్ వైరుని ఎలక కొరికేసింది. ఈసారి నిజం ఎలక. ఆ కబురు ఆవిడకి చెబితే నవ్వుతుందని ఫోను తీశాను కూడా. అప్పుడే స్కూటరు చర్చి మలుపులో ఫ్లెక్సీ ముందు ఆగింది.

జ్ఞాపకార్థ కూడికకి కడియపులంక వెళ్ళి పూలదండ కొన్నాను. దాని ధరకీ బేరమాడాను. ఆడకపోతే వచ్చింది నేనేనని ఆవిడ నమ్మదు. దండమ్మే ఆవిడ, "పోయినవాళ్ళ దండకి బేరమేంటండీ" అంది. "పోయినావిడ సంగతి మీకు తెలియదండి" అన్నాను. కాస్త తగ్గించింది. చర్చిలో నిలబడి కీర్తన విన్నాను. మధ్యలో శ్రుతి జారింది. అయ్యగారి మైకు మళ్ళీ ఒక అడుగు ముందుకొచ్చి ఉంది. అనుకోలేదు, చూశాను.

లెక్క ఇది. ఆవిడకిచ్చింది, చెప్పినదాంట్లో సగం. తిరుగుడు పెట్రోలు, కొత్త మెమరీ కార్డులు, ఒకాయనకి వెనక్కిచ్చిన డబ్బు, పాడైన పనిరోజులు, మావగారికి పోయిన రొయ్యల ఖరీదు, పూలదండ. ఇవన్నీ కలిపితే, బేరమాడి తగ్గించుకున్న సగానికి ఎన్నో రెట్లు. ఎక్కడో ఒకచోట ఎక్కువ ఇచ్చుకుని ఉంటానని, దాన్ని పట్టుకుందామని, పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూశాను. ఎక్కడా ఎక్కువ ఇవ్వలేదు.